పిల్లలకు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలంటే ఆ పనిలో చివరి అడుగు నుంచి మొదలుపెట్టండి
పాత చొక్కాకు 2.5 సెంటీమీటర్ల గుండీ కుట్టి, కాజాను దానికి తగ్గట్టు పెద్దది చేయండి. కొత్త చొక్కా వద్దు, కాజాలు బిగుసుకుని ఉంటాయి. పిల్లవాణ్ణి పాదాలు నేలకు ఆనేలా పీట మీద కూర్చోబెట్టి, మీరు వెనక కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే కుడిఎడమలు తారుమారై తికమకపడతాడు.

గుండీని సగం వరకు మీరే దూర్చండి. అవతలి వైపు నుంచి లాగడమే వాడి పని. అది తడుముకోకుండా వచ్చాకే దూర్చడం అప్పగించండి. తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే: కాజా అంచు పట్టుకోవాల్సిన చెయ్యి వదిలేస్తాడు. ఆ చేతికే సాయం పట్టండి, గుండీ ఉన్న చేతిని ముట్టుకోకండి.

ఒంటి మీద చొక్కాకైతే కింది నుంచి పైకి రావాలి. మెడ దగ్గరి గుండీ కంటికి కనపడదు, దాన్ని ఆఖరుకు ఉంచండి. రోజూ ఐదు నిమిషాలు చాలు, అదీ బడి బస్సు హారన్ కొట్టే వేళ మాత్రం వద్దు.