రిపోర్టు ఒకటి, ఒళ్లు ఒకటి చెబుతుంటే: రోగనిర్ధారణలో తికమకలు, పరిష్కారాలు

బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటి జబ్బు పేరు ఒకసారి పడిందంటే ఏళ్ల తరబడి వెంట ఉంటుంది. అందుకే ఒక్క రీడింగ్ చూసి ఆ పేరు పెట్టకూడదు. డాక్టరు మనం చెప్పింది వింటారు, ఒళ్లు పరీక్షిస్తారు, టెస్టు రాస్తారు, చాలాసార్లు అదే టెస్టు మళ్లీ రాస్తారు. ఈ రెండోసారి దగ్గరే చాలామందికి అనుమానం వస్తుంది: మొదటిది తప్పా, లేక ఊరికే తిప్పుతున్నారా అని. తేడాలు ఎక్కడ వస్తాయో, ఏం చేస్తే తేలుతుందో తెలిస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

సమస్య: డాక్టరు దగ్గర బీపీ ఎక్కువ, ఇంట్లో మామూలు

కారణం: ముందు అనుమానించాల్సింది కొలిచిన తీరునే. చేతి లావుకు చిన్నదైన పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడే మెట్లెక్కి వచ్చినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా, కొలుస్తుండగా మాట్లాడినా, కాలు మీద కాలు వేసుకున్నా అంకె పెరుగుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా డాక్టర్ని చూడగానే టెన్షన్‌తో బీపీ పెరిగేవాళ్లు ఉంటారు. దీన్ని వైట్ కోట్ బీపీ అంటారు.

పరిష్కారం: ఇంట్లో వారం రోజులు కొలవండి. చేతికి చుట్టే మెషీనే వాడాలి, మణికట్టుది అంత నమ్మకం కాదు. కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి కొలిచి రాసుకోండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఆసుపత్రిలో 140/90 దాటితే బీపీ అనే లెక్క చాలా దేశాల్లో ఉంది. ఇంట్లో సగటుకు ఆ గీత 135/85. అమెరికాలో 2017 నుంచి 130/80కే బీపీ అంటున్నారు. ఇంకా తేలకపోతే 24 గంటలు ఒంటికే ఉండి, నిద్రలో కూడా కొలిచే మెషీన్ పెడతారు. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగింది అదే.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది: ఆసుపత్రిలో మామూలుగా ఉండి, ఇంట్లోనో ఆఫీసులోనో పెరగడం. ఇది ఎవరికీ కనిపించకుండా గుండెనూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది కాబట్టి నాకు దీని గురించే ఎక్కువ భయం. ఒక్క హెచ్చరిక. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం ఏది ఉన్నా వారం రోజుల లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సమస్య: పరగడుపు షుగర్ మామూలు, మూడు నెలల షుగర్ ఎక్కువ

కారణం: మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ టెస్టు రక్తంలోని చక్కెరను నేరుగా కొలవదు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూస్తుంది. ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అంటే కణాల ఆయుష్షు మారితే షుగర్ మారకుండానే అంకె మారిపోతుంది. ఐరన్ లోపం ఉంటే అంకె ఎక్కువగా చూపించవచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, రక్తకణాలు తొందరగా పగిలిపోయే జబ్బు ఉన్నా తక్కువ చూపించవచ్చు.

మా పిన్నికి ఇదే జరిగింది. పరగడుపున 98, హెచ్‌బీఏ1సీ 6.6. షుగర్ జబ్బే అనుకుని వారం రోజులు నిద్రపోలేదు. హిమోగ్లోబిన్ చూస్తే 9. ఐరన్ మందులతో రక్తహీనత తగ్గాక మళ్లీ చేయిస్తే 5.9 వచ్చింది. జాగ్రత్తపడాల్సిన అంకే గానీ జబ్బు కాదు.

పరిష్కారం: షుగర్ జబ్బు అనడానికి గీతలు ఇవి: పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200. వీటిలో రెండు దాటితే జబ్బు ఖాయమైనట్టే. ఒకటి దాటి ఇంకొకటి దాటకపోతే దాటినదాన్నే మరోరోజు మళ్లీ చేయాలి. అతిగా దాహం, మాటిమాటికీ మూత్రం ఉండి, ఏ వేళ చూసినా 200 దాటితే మళ్లీ టెస్టు కోసం ఆగరు. పరగడుపున బాగానే ఉండి తిన్నాక మాత్రమే పెరిగేవాళ్లు గ్లూకోజ్ టెస్టులోనే బయటపడతారు. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ముందే చెప్పండి, అవి షుగర్ పెంచుతాయి. వేలు గుచ్చి చూసే మెషీన్ ఇంట్లో గమనించుకోవడానికే, జబ్బు తేల్చడానికి కాదు.

సమస్య: థైరాయిడ్ రిపోర్టు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

కారణం చాలాసార్లు చిన్నదే. జుట్టు కోసం మింగే బయోటిన్ బిళ్లలు కొన్ని ల్యాబ్ పద్ధతులను తప్పుదారి పట్టిస్తాయి. అప్పుడు థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ తక్కువగా కనిపిస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపి చేయించాలి, డోసు పెద్దదైతే ఇంకా ముందే. జ్వరం, పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడూ అంకెలు అటూఇటూ అవుతాయి. టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగి థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4 మామూలుగా ఉంటే రెండు మూడు నెలలాగి మళ్లీ చూడటం మంచి పద్ధతి. గర్భిణులకు మాత్రం ఈ ఆగడం వర్తించదు.

సమస్య: క్రియాటినిన్ మామూలే, అయినా కిడ్నీ జబ్బంటున్నారు

కారణం: క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, దాన్ని కిడ్నీలు బయటికి పంపుతాయి. సన్నగా ఉన్న పెద్దవాళ్లలో కిడ్నీ బలహీనపడినా అంకె మామూలుగానే కనిపించవచ్చు. కండలు పెంచేవాళ్లలో కిడ్నీ బాగున్నా ఎక్కువ రావచ్చు.

పరిష్కారం: వయసు కూడా లెక్కలోకి తీసుకునే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) చూడాలి, దాంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా. బాగా వ్యాయామం చేసిన రోజున, జ్వరం లేదా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆల్బుమిన్ టెస్టు చేయిస్తే ఊరికే ఎక్కువ వస్తుంది. తేడా మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు.

సమస్య: రాత్రి పిల్లికూతలు, పగలు ఊపిరి టెస్టు మామూలు

ఆస్తమా వస్తూ పోతూ ఉంటుంది, టెస్టు రోజున లేకపోవచ్చు. ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌తో ఉదయం, సాయంత్రం ఊది రెండు వారాలు రాసుకుంటే హెచ్చుతగ్గులు బయటపడతాయి. కూతలు వస్తున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి డాక్టరుకు వినిపించడం కూడా పనికొస్తుంది.

సమస్య: అన్నీ మామూలే, నీరసం మాత్రం తగ్గట్లేదు

కారణం: చూడాల్సింది ఇంకా చూసి ఉండకపోవచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు, అది ఫెరిటిన్ టెస్టులో తెలుస్తుంది. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకు ఏ రక్తపరీక్షా దారి చూపదు, పక్కన పడుకున్నవాళ్లు చెప్పే మాటే దారి చూపుతుంది. మనసు బాగోకపోవడం కూడా నిజమైన కారణమే. దాన్ని "ఏమీ లేదు" అని కొట్టిపారేయడం తప్పు.

పరిష్కారం: వాడే ప్రతి మందునూ, అలర్జీ మాత్రలతో సహా, ఒక కాగితం మీద రాయండి. నీరసం ఎప్పుడు మొదలైంది, ఏ వేళలో ఎక్కువ, నిద్ర ఎంత, బరువు తగ్గిందా, ఇవీ రాయండి. ఆ కాగితాన్ని పాత రిపోర్టుల పైన పెట్టి, కూర్చోగానే ముందుగా అదే డాక్టరు చేతికివ్వండి.