ఆన్‌లైన్ చెస్ బ్లిట్జ్‌లో 2100 దగ్గరే ఆగిపోయారా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

లీచెస్ అనే చెస్ సైటులో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల వేగం ఆట) రేటింగ్ 2000 దాటిన ఆటగాడికి "పజిల్స్ ఎక్కువ చెయ్యి, ఓపెనింగ్స్ నేర్చుకో" అని చెబితే ఉపయోగం ఉండదు. ఫోర్కు, పిన్ను లాంటి ఎత్తుగడలు అతని కంటికి వెతక్కుండానే దొరుకుతాయి. పావులు ఊరికే పారేసుకునే రకం కాదు. అయినా నెలల తరబడి రేటింగ్ 2050కీ 2150కీ మధ్యే తిరుగుతుంది. ఓపెన్ టోర్నమెంటుకు వెళితే 1600 రేటింగ్ ఉన్న పిల్లాడి చేతిలో ఓడి వస్తాడు. ఇలాంటి ఆటను ఎలా పరీక్షించాలో, ఏ లక్షణానికి ఏ కారణం వెతకాలో ఇక్కడ రాస్తున్నాను. ఆట మీదైనా, మీ స్నేహితుడిదైనా, మీ దగ్గర నేర్చుకునేవాళ్లదైనా పద్ధతి ఒకటే. చాలామంది ఇంజిన్ (ఆటను విశ్లేషించే ప్రోగ్రామ్) బ్లండర్, అంటే పెద్ద తప్పు అని చూపించిన ఎత్తు దగ్గరే ఆగిపోతారు. ఈ స్థాయిలో అసలు తప్పు దానికి నాలుగైదు ఎత్తుల ముందే జరిగిపోయి ఉంటుంది.

ముందు ఏ ఆటలు తీయాలి?

ఒకే టైమ్ కంట్రోల్‌లో (గడియారం లెక్కలో) ఓడిపోయినవి 30, 40 ఆటలు తీయండి. గెలుపు చేతిలో ఉండి డ్రా అయినవి కూడా కలపండి. నెట్ పోయి ఓడినవి తీసేయండి. గెలిచిన ఆటలు ఇప్పుడే వద్దు, వాటిలో ఎదుటివాడి తప్పులు మన తప్పులను కప్పేస్తాయి.

ఇంజిన్ ఆపేసి ఒక్కో ఆటనూ మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఎక్కడ చేజారిందని మీకు అనిపించిందో ఒక్క వాక్యంలో రాసుకోండి. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్‌ను ఆ తర్వాతే పెట్టండి. "31వ ఎత్తు దగ్గర టైమ్ లేక పోయింది" అని మీరు రాసుకున్న ఆటలో ఆధిక్యం 22వ ఎత్తుకే కరిగిపోయిందని ఇంజిన్ చూపిస్తే, మీకు అసలు కనపడని లోపం ఆ రెండు ఎత్తుల మధ్య ఉన్నట్టు. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే ఆధారం ఇదే.

అంకెలను చూసి మాత్రం తీర్పు చెప్పకండి. లీచెస్ కొత్తవాళ్లను 1500తో మొదలుపెట్టి గ్లికో-2 అనే రేటింగ్ పద్ధతిలో లెక్కిస్తుంది. చెస్‌డాట్‌కామ్‌లో ఆడే జనం వేరు, కాబట్టి అక్కడి 2100 ఇక్కడి 2100 ఒకటి కావు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ సంగతి మరీ వేరు, 2024 మార్చి నుంచి దాని కింది హద్దే 1400. ఎత్తులు ఎంత కచ్చితమో ఇంజిన్ చెప్పే యాక్యురసీ శాతమూ అంతే. ఎదుటివాడు పదో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకుంటే ఎవరికైనా 95 వస్తుంది. 60 ఎత్తుల చిక్కు ఆటలో 85 రావడం దానికంటే చాలా గొప్ప.

శైలిని ఎలా గుర్తించాలి?

"నేను ఎటాకింగ్ ప్లేయర్‌ని" అని చెప్పుకునేవాళ్లు చాలామంది. ఆ మాట పక్కన పెట్టి, ఆ ఆటగాడు దేన్నుంచి తప్పించుకుంటున్నాడో చూడండి. మంత్రులను మార్చుకునే అవకాశం వచ్చిన ప్రతిసారీ ఏం చేశాడు? మార్చుకుంటే తనకే మేలైన చోట కూడా మంత్రిని పక్కకు జరిపాడా? సమంగా ఉన్న పొజిషన్లో ఎన్నిసార్లు రాజు ముందు బంట్లు తోశాడు? ఒక బంటు తక్కువైనప్పుడు ఓపిగ్గా కాచుకున్నాడా, వెంటనే ఇంకో బంటు ఇచ్చి గందరగోళం సృష్టించాడా?

పది ఆటల్లో ఏడెనిమిదింట మంత్రుల మార్పిడి తప్పించుకుంటే అతనికి దాడి ఇష్టమని తొందరపడి అనకండి. ఎండ్‌గేమ్ అంటే భయమేమో చూడాలి. తేడా సులువుగానే తెలుస్తుంది. దాడి నిజంగా ఇష్టమైనవాడు దాడికి ఆధారం ఉన్నచోట మంత్రిని ఉంచుకుంటాడు, లేనిచోట మార్చుకుంటాడు. భయపడేవాడు ఎప్పుడూ మార్చుకోడు. దీనికి ఎదురు రకం కూడా ఉంది. పొజిషన్ కాస్త బిగుసుకోగానే కనబడ్డ పావునల్లా మార్చేసి, గెలవాల్సిన ఆటను డ్రా చేసుకునేవాడు. అతనికి లెక్కవేయడం మీద నమ్మకం లేదు.

లక్షణం: బోర్డు మూసుకుపోగానే ఏం ఆడాలో తోచదు

ఈ స్థాయిలో నేను ఎక్కువగా చూసే జబ్బు ఇదే. 15వ ఎత్తు దాకా ఆట చక్కగా సాగుతుంది. మధ్యలో బంట్లు ఒకదానికొకటి అడ్డుపడగానే ఏనుగు ఈ1 నుంచి డీ1కి, డీ1 నుంచి మళ్లీ ఈ1కి తిరుగుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి జీ4 అని బంటు తోస్తాడు. ఓటమి మొదలయ్యేది అక్కడే. ఇంజిన్ మాత్రం పది ఎత్తుల తర్వాత పోయిన గుర్రాన్ని బ్లండర్ అని చూపిస్తుంది.

కారణం బ్లిట్జ్ అలవాటే. మూడు నిమిషాల ఆటలో వరుసగా బెదిరిస్తూ పోతే ఎదుటివాడు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాడు. అలా వేల ఆటలు గెలిచాక బుర్ర బెదిరింపుల కోసమే వెతుకుతుంది. బెదిరించడానికి ఏమీ లేని పొజిషన్లో దానికి పని ఉండదు, అందుకే పని కల్పించుకుంటుంది.

పరిష్కారం రెండు ప్రశ్నలతో మొదలవుతుంది. నా పావుల్లో పనిలేకుండా కూర్చున్నది ఏది? ఏ బంటును తోస్తే ఆట తెరుచుకుంటుంది, తెరుచుకుంటే లాభం ఎవరికి? ఇవి అలవాటయ్యేదాకా 3+0 (మూడు నిమిషాలు, అదనపు సెకన్లు లేనివి) తగ్గించి, వారానికి రెండైనా 15+10 (పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం) ఆటలు ఆడాలి. వీటికి తోడు, సొంత ఓపెనింగ్‌లో పదేపదే వచ్చే బంట్ల నిర్మాణం ఒకటి ఎంచుకుని దాన్నే లోతుగా చదవాలి. క్వీన్స్ గ్యాంబిట్ ఎక్స్ఛేంజ్‌నే తీసుకోండి. తెల్లకు డీ4లో, నల్లకు డీ5లో బంట్లు ఎదురెదురుగా నిలబడతాయి, సీ ఫైలు (నిలువు వరుస) తెల్ల వైపు ఖాళీ. తెల్ల బీ4, బీ5 అని బంటును తోసి, నల్లకు సీ6లో బలహీనమైన బంటును మిగల్చడం ఇక్కడ ఏళ్ల నుంచి నడుస్తున్న పథకం. నల్ల మాత్రం బోర్డులో రాజులున్న వైపు ఎదురుదాడికి దిగుతుంది. కారో-కాన్ ఎక్స్ఛేంజ్‌లో ఇదే నిర్మాణం రంగులు తారుమారై వస్తుంది. ఒక్క నిర్మాణం బాగా ఒంటబట్టినా ఏనుగు అటూ ఇటూ తిరగడం ఆగిపోతుంది.

లక్షణం: గెలిచే ఆట చేజారిపోతుంది

స్టాక్‌ఫిష్ +3 (మూడు బంట్లంత ఆధిక్యం) చూపిస్తోంది, ఒక పావు ఎక్కువుంది, గడియారంలో నిమిషం మిగిలింది. ఇలాంటి ఆటలు డ్రా అవుతున్నా, ఓడిపోతున్నా ఎదుటివాడికి ఆ క్షణంలో ఉన్న ఒకే ఒక్క ఆశ ఏమిటో చూడండి. సాధారణంగా అది మంత్రితో వరుస చెక్‌లో, ముందుకు దూకడానికి సిద్ధంగా ఉన్న ఒక బంటో అయి ఉంటుంది. మన ఆటగాడు దాన్ని పట్టించుకోకుండా చెక్‌మేట్ కోసం వెతుకుతుంటాడు.

పావు ఎక్కువ వచ్చిన తర్వాతి ఎత్తుకు పది సెకన్లు కేటాయించి "ఇప్పుడు వాడికి ఏం కావాలి?" అని ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకోండి. దొరికిన జవాబును ఆపేయండి, తర్వాత పెద్ద పావులు మార్చుకోండి. సాధనకు మంచి దారి ఉంది. చేజారిన మీ ఆటల్లోంచే పది పొజిషన్లు తీసి, ఇంజిన్‌తో అక్కడి నుంచి ఆడండి. అది తప్పులు చేయదు కాబట్టి అజాగ్రత్తగా ఆడితే వెంటనే దొరికిపోతారు.

లక్షణం: ఉచ్చు ఓపెనింగ్ ఇప్పుడు పనిచేయడం లేదు

ఎంగ్లండ్ (Englund) గ్యాంబిట్ చూడండి, అంటే మొదట్లోనే బంటు ఇచ్చి ఉచ్చు పన్నే ఓపెనింగ్. డీ4కు జవాబుగా ఈ5. తెల్ల ఆ బంటును కొడుతుంది, నల్ల గుర్రం సీ6కి వస్తుంది. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల మంత్రి ఈ7. తెల్ల బిషప్ ఎఫ్4కి రాగానే నల్ల మంత్రి బీ4 నుంచి చెక్ ఇస్తుంది, బిషప్ డీ2కి అడ్డం వస్తే బీ2 బంటును కొట్టేస్తుంది. ఇక్కడ తెల్ల కంగారుపడి బిషప్‌ను సీ3లో పెడితే నల్ల బిషప్ బీ4కి వస్తుంది. తెల్ల మంత్రి డీ2కి వెళితే నల్ల సీ3 మీద కొడుతుంది, మంత్రితో తిరిగి కొడితే నల్ల మంత్రి సీ1లో చెక్‌మేట్. బుల్లెట్‌లో, అంటే ఒకటి రెండు నిమిషాల ఆటల్లో, ఇది ఎంతోమందిని ముంచింది. కానీ ఆరో ఎత్తులో బిషప్ బదులు గుర్రాన్ని సీ3లో పెడితే చాలు, తెల్లది స్పష్టంగా పైచేయి. రేటింగ్ పెరిగేకొద్దీ ఆ ఎత్తు తెలిసినవాళ్లే ఎదురవుతారు.

లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో మీ పేరు పెట్టి ఈ గ్యాంబిట్ ఫలితాలు చూడండి. సరైన జవాబు వచ్చిన ఆటలనే వేరుచేసి లెక్క చూడాలి, మొత్తం గెలుపు శాతం మోసం చేస్తుంది. ఓడుతున్నారని తేలితే డీ4కు ఒక మామూలు డిఫెన్స్ నేర్చుకోండి. మిగతా ఓపెనింగ్స్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అన్నీ ఒకేసారి మార్చేస్తే తర్వాత వచ్చే ఓటములకు కారణం ఏదో తేల్చలేరు.

లక్షణం: ఎండ్‌గేమ్ వచ్చిందంటే గుండెల్లో రాయి

ఎండ్‌గేమ్‌లో పెద్ద నష్టం ఎక్కువగా మార్పిడి నిర్ణయంలోనే జరుగుతుంది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట దీనికి సాక్ష్యం. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, ఇద్దరికీ ఏనుగు, బిషప్ ఉన్నాయి. తెల్లతో ఆడుతున్న డింగ్ లిరెన్ జాగ్రత్తగా కాచుకుంటే డ్రా అయ్యే పొజిషన్. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసి, బిషప్‌ను డీ5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఏ8 మూలలో ఇరుక్కుని ఉంది, మారక తప్పలేదు. మిగిలిన బంట్ల ఎండ్‌గేమ్‌లో తెల్ల ఓటమి ఖాయం, మూడు ఎత్తుల్లో ఆట ముగిసింది. అంతటి ఆటగాడికే జరిగిందంటే, చివరి పెద్ద పావును మార్చే ముందు బంట్ల ఎండ్‌గేమ్‌ను చివరిదాకా లెక్కపెట్టి తీరాలన్నది మనకు ఎంత అవసరమో చూడండి.

చదవాల్సింది తక్కువే. రాజుల ఆపోజిషన్ (రాజులు ఎదురెదురుగా నిలిచి దారి అడ్డుకోవడం), ఏనుగుల్లో లుసేనా (గెలిచే పద్ధతి), ఫిలిడోర్ (డ్రా చేసుకునే పద్ధతి) పొజిషన్లు. ఫిలిడోర్‌లో కాచుకునేవాడు తన వైపు నుంచి మూడో వరుసలో ఏనుగును నిలిపి ఎదుటి రాజును రానివ్వడు. బంటు ఆ వరుసలోకి దిగిన వెంటనే ఏనుగును దూరంగా వెనక్కి తీసుకెళ్లి అక్కడి నుంచి చెక్‌లు ఇస్తాడు. ఇది చేతికి వచ్చేదాకా స్నేహితుడితో గడియారం పెట్టి ఆడండి. ఆపైన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఎండ్‌గేమ్‌లు చూడండి, చిన్న ఆధిక్యాన్ని తొందరపడకుండా ఎలా పెంచుతాడో తెలుస్తుంది. గుకేశ్‌ను ఆ చాంపియన్‌షిప్‌కు సిద్ధం చేసిన బృందంలో ఆయనా ఉన్నాడు.

లక్షణం: ఎప్పుడూ టైమ్ చాలదు

విశ్లేషణలో ఒక్కో ఎత్తుకు పట్టిన సమయం చూడండి. ఇరవై సెకన్లకు మించి ఆలోచించిన ఎత్తులన్నీ గుర్తుపెట్టుకుని, అక్కడ నిజంగా లెక్కవేయాల్సింది ఉందా అని అడగండి. తెలిసిన ఓపెనింగ్‌లో తటపటాయించినవైతే మందు ఓపెనింగ్ సాధనే. చివరికి మొదట తోచిన ఎత్తే ఆడినవైతే సమస్య ధైర్యానిది. దానికి 3+2 లాంటి, ఎత్తుకు కొన్ని సెకన్లు కలిసే ఇంక్రిమెంట్ ఆటలు కొంత మేలు చేస్తాయి.

లక్షణం: బోర్డు ముందు కూర్చుంటే ఆట మారిపోతుంది

స్క్రీన్ మీద పైనుంచి కనిపించే బోర్డు, బల్ల మీద పక్కనుంచి వేరేగా కనిపిస్తుంది. దూరపు మూల నుంచి వచ్చే బిషప్‌ను చూడకపోవడం అందుకే. ముట్టుకున్న పావును ఆడాల్సిందే కాబట్టి, మౌస్‌తో పావును పట్టుకుని ఆలోచించే అలవాటు ఇక్కడ ఆటనే తీసుకుపోతుంది. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు ఉన్న ఆటలో ఇరవై నిమిషాలకే ముప్పై ఎత్తులు ఆడేసేవాళ్లు కూడా ఉన్నారు. చేతులు బల్ల కింద పెట్టుకుని, ఎత్తు మనసులో ఖాయమయ్యాకే పైకి తీయాలి. పజిల్స్‌ను కొన్నాళ్లు నిజమైన బోర్డు మీద పావులు పేర్చి చేయండి.

వరుసగా ఓడి ఒక్క రాత్రిలో వంద పాయింట్లు పోగొట్టుకునేవాళ్లకు చెప్పేది ఒకటే, రెండు వరుస ఓటములకు ఆట ఆపేయండి. ఆ రాత్రి ఆటలను పరీక్ష కోసం తీసిన ఆటల్లో కలపొద్దు, అవి మీ స్థాయిని చూపించవు.

ఈ లక్షణాల్లో రెండు మూడు ఒకే మనిషిలో ఉండటం మామూలే. అప్పుడు ఎక్కువ పాయింట్లు తినేస్తున్న ఒక్కదాన్నే ముందు పట్టుకోండి. మూసుకుపోయిన పొజిషన్ల సమస్య ఉంటే నేను దాన్నే ముందు పెడతాను, ఎందుకంటే టైమ్ ట్రబులూ, తొందరపాటు దాడులూ చాలావరకు దాన్నుంచే పుడతాయి. ఆరు వారాలు ఆ ఒక్కటే సాధన చేసి, కొత్తగా ఓడిన 30 ఆటలు తీసి, పాత వాక్యాల పక్కన కొత్త వాక్యాలు రాయండి. రేటింగ్ కదలకపోయినా ఓడే కారణం మారితే సాధన దారిలోనే ఉంది. కారణం అదే ఉంటే ఎంచుకున్న అభ్యాసం సరిపోలేదని, దాన్ని మార్చాలని అర్థం.