పాత టేకు తలుపుకు పని పెట్టే ముందు

గుంటూరు పాత ఇళ్ల తలుపులకు రంగు మీద రంగు పడి ఉంటుంది. ముందు భయపడాల్సింది దానికే. రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పాత పొరల్లో సీసం ఉండొచ్చు.

• పొడిగా గీకొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి గీకండి. మామూలు గుడ్డ చాలదు, ఎన్95 మాస్కు కావాలి. పిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వకండి.

• వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. బిగుసుకుందని అప్పుడే చిత్రిక పట్టిస్తే వేసవిలో సందు పడుతుంది. ఎండాకాలం దాకా ఆగండి.

• ద్వారబంధం అడుగున స్క్రూడ్రైవరుతో పొడవండి. మెత్తగా దిగితే చెదలో, పుచ్చో.

• రెక్క దించడానికి ఇద్దరుండాలి.

• ఇత్తడి గుబ్బలు, గొళ్లెం దయచేసి పాత సామాన్లకు అమ్మేయకండి.