బ్రిటిష్ వెండి ప్రూఫ్ నాణేలు – నాలుగో పాఠం: మెరవని ప్రూఫ్

ప్రూఫ్ నాణెం, అంటే చలామణికి కాక సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టిన నాణెం, అద్దంలా మెరుస్తుందని గత పాఠంలో రాశాను. ఆ మాట అసంపూర్ణం. దాన్ని నమ్మి ఇద్దరు పాఠకులు తమ 1902 హాఫ్ క్రౌన్ (రెండున్నర షిల్లింగుల నాణెం) ప్రూఫ్ మసకగా ఉందని అమ్మినవారికి తిప్పి పంపారు. మరొకరు వెండి కుంకుమ భరిణెను తోమినట్టు నాణేన్ని పళ్లపొడితో తోమి, మెరుపు తెప్పించానంటూ ఫోటో పంపారు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న 1935 క్రౌన్‌ను (ఐదు షిల్లింగుల నాణెం) పక్కన పెట్టి, ముందు 1902 సంగతి చూద్దాం.

1887, 1893, 1911 ప్రూఫ్‌లు అద్దంలాగే ఉంటాయి. 1902లో, ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సంవత్సరంలో, బ్రిటిష్ ప్రభుత్వ టంకశాల రాయల్ మింట్ అచ్చుల ముఖాన్ని ఇసుకతో గరుకు చేసి నాణేలు కొట్టింది. అందువల్ల రాజు చెంప, చుట్టూ ఉన్న ఖాళీ, అక్షరాలు అన్నీ ఒకే తీరున, గరుకు గాజులా మసకగా కనిపిస్తాయి. దీన్నే మాట్ ప్రూఫ్ అంటారు. క్రౌన్, హాఫ్ క్రౌన్, ఫ్లోరిన్ (రెండు షిల్లింగుల నాణెం) వంటివి ఒక్కొక్కటి 15,123 చొప్పున వచ్చాయి కనుక సంఖ్యను బట్టి ఇవి మరీ అరుదు కావు. ఎవరూ తుడవని నాణెం దొరకడమే అరుదు.

నాణేన్ని అంచులతో పట్టుకోవాలని మీకు తెలుసు కనుక దాని గురించి రాయను. తుడవడం గురించి మాత్రం ఎంత రాసినా తక్కువే. మాట్ ఉపరితలం మీద కంటికి ఆనని గుంటలూ మిట్టలూ ఉండి, వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. వెండి మెత్తటి లోహం. మెత్తని గుడ్డతో ఒక్కసారి రుద్దినా మిట్టల కొనలు అణిగి, అక్కడ మెరుపు వస్తుంది. ఆ మెరుపు నష్టానికి గుర్తు. విభూతి, చింతపండు, వెండి శుభ్రం చేసే ద్రావకం, వేటితో తోమినా జరిగేది నష్టమే, పోయిన మాట్‌ను ఎవరూ తిరిగి తేలేరు. ఏళ్ల తరబడి పేరుకున్న బూడిద, నీలి రంగు పొరను కూడా అలాగే ఉండనివ్వండి.

తుడిచిన నాణేన్ని గుర్తుపట్టడానికి నేను అక్షరాల సందులు చూస్తాను. గదిలో ఒకే దీపం ఉంచి, పది రెట్ల భూతద్దంతో రాజు పేరులోని అక్షరాల మధ్యకు చూడండి. గుడ్డ చేరని ఆ సందుల్లో మసక మిగిలి, పక్కనున్న ఖాళీలో మెరుపు ఉంటే తోమారన్నమాట. సన్నగీతలు కనిపిస్తే తొందరపడకండి: అచ్చును సానపట్టినప్పుడు పడిన గీతలు నాణెం మీద ఉబ్బుగా వచ్చి అక్షరం మొదట్లోనే ఆగిపోతాయి, తుడిచిన గీతలు లోపలికి దిగి, అక్షరం మీదుగా కూడా పోతాయి. ఇక మామూలు చలామణి నాణెం కొత్తదైతే, దాన్ని దీపం కింద తిప్పినప్పుడు వెలుగుపట్టీ చక్రంలా తిరుగుతుంది; మాట్ ప్రూఫ్‌లో అలా తిరగదు.

మొదటి మాట్ ప్రూఫ్‌గా క్రౌన్ కంటే ఫ్లోరిన్ కొనమంటాను. ఓడ ముక్కు మీద గాలికి వస్త్రం ఎగురుతుండగా నిలబడిన బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి) చుట్టూ విశాలమైన ఖాళీ ఉంటుంది, కాబట్టి అక్కడ తుడుపు దాగదు. నా మొదటి ఫ్లోరిన్ విషయంలో అక్షరాల సందులు చూడకుండానే డబ్బు కట్టాను. బ్రిటానియా కుడి పక్కన బొటనవేలంత మెరుపుమచ్చ ఉందని ఇంటికొచ్చాకే గమనించాను.

అభ్యాసానికి ఏమీ కొననక్కర్లేదు. 1903–1910 మధ్య వచ్చిన ఎడ్వర్డ్ వెండి రూపాయి మన ఇళ్లలో చాలాచోట్ల ఉంటుంది. దాని మీది తలను చెక్కినది కూడా 1902 నాణేల మీది రాజు తలను చెక్కిన డి సోల్స్ అనే శిల్పే. పూజకు ముందు తోమిన రూపాయి అయితే మరీ మంచిది. రాత్రిపూట ఒకే దీపం కింద అరగంట చూసి, గీతలు ఏ దిక్కుకు పోతున్నాయో, ఏ అక్షరాల సందుల్లో నలుపు మిగిలిందో కాగితం మీద గీయండి. ఏడు రాత్రులు, ప్రతిసారీ పాత బొమ్మ చూడకుండా, అదే రూపాయిని మళ్లీ గీసి, చివరి రోజున ఏడింటినీ పక్కపక్కన పెట్టండి. గీతల దిక్కు ఏడింటిలోనూ కలిసినవారే 1935 క్రౌన్ పాఠానికి రండి. అందులో అంచు మీది ఉబ్బు అక్షరాలను ఇదే దీపం కింద చదవాలి.