పెరట్లో హమ్మింగ్‌బర్డ్ – మూడో పాఠం: ఏ నెలకు ఏ పువ్వు

పోయిన పాఠంలో పెరటి పటం గీసి, ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతుందో రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ పూల మకరందం తాగే హమ్మింగ్‌బర్డ్ పిట్ట కోసం మొక్కలు ఎంచుకుందాం. నేనుండేది డాలస్ దగ్గర కాబట్టి పేర్లన్నీ ఉత్తర టెక్సస్‌కి సరిపోయేవే చెబుతాను. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్లకు చివర్లో రెండు మాటలు.

ముందు నా తెలివితక్కువతనం గురించి. ఇల్లు కొన్న మొదటి ఏప్రిల్‌లో ఒక పెద్ద స్టోర్‌కి వెళ్లి ఎర్రగా కనిపించినవన్నీ కార్ట్‌లో వేశాను. రెండు ముద్ద మందారాలు, రెండు ఎర్ర గన్నేర్లు, ఒక ట్రే పెట్యూనియాలు. వేసవంతా పెరడు పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. పిట్ట వచ్చేది, ఒక చుట్టు చుట్టేది, వెళ్లిపోయేది. పెళ్లిచూపులకొచ్చి కాఫీ కూడా తాగకుండా లేచిపోయినట్టు.

ఎరుపు రంగు ఆ పిట్టను దూరం నుంచి పిలుస్తుంది, నిజమే. తేనెటీగలకు ఎరుపు సరిగా ఆనదు. అందుకే పిట్టల కోసం ఎదిగిన పూలు చాలావరకు ఎర్రగా, గొట్టంలా, వాసన లేకుండా ఉంటాయి. కానీ రంగు అనేది హోటల్ బోర్డు లాంటిది మాత్రమే, లోపల భోజనం ఉందో లేదో వేరే సంగతి. ముద్ద మందారంలో కేసరాలే రేకులుగా మారిపోయి దారి మూసేస్తాయి. గన్నేరు ఇంకా ఘోరం, ఆ పువ్వులో అసలు మకరందమే ఉండదు. పురుగులను కూడా ఉత్త మోసంతోనే రప్పించుకుంటుంది. మందారం లేకపోతే ప్రాణం ఒప్పుకోనివాళ్లు రేక మందారం పెట్టుకోండి, అయిదు రేకులది. చలికాలం లోపలికి మోసుకొచ్చే ఓపిక ఉంటేనే సుమా.

సరే, పువ్వును పరీక్షించడం ఎలా? టర్క్స్ క్యాప్ అని ఇక్కడి సొంత మొక్క ఒకటుంది. మన ఊళ్లలో విచ్చుకోకుండా మొగ్గలాగే వేలాడే మందారం చూసే ఉంటారు, దానికి దగ్గరి చుట్టం. మందు కొట్టని మొక్క నుంచి ఒక పువ్వు కోయండి. రేకులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని తలపాగాలా ఉంటాయి, మధ్యలోంచి కేసరాల కాడ బయటికి పొడుచుకొస్తుంది. అడుగున ఆకుపచ్చ తొడిమ ఒలిచి, రేకుల మొదలు వేళ్లతో నెమ్మదిగా నొక్కండి. కన్నీటి బొట్టంత తేట చుక్క పైకి వస్తుంది. నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంటుంది. చిన్నప్పుడు నూరువరహాల పూలు పీకి చప్పరించినవాళ్లకు ఈ పరీక్ష కొత్తేం కాదు. పిట్ట గాల్లో నిలబడి ముక్కు దూర్చినప్పుడు ఆ కేసరాలు దాని నుదుటికి తగిలి పుప్పొడి అంటుతుంది. మా అమ్మ మొదటిసారి కిటికీలోంచి చూసి, "మన తేనెపిట్ట కొమ్మ మీద వాలి తాగుద్ది గదరా, ఇదేంటి నిలబడే తాగుతోంది?" అంది. తేడా అదే. వాలడానికి చోటు లేకపోయినా దీనికి ఫరవాలేదు. చుట్టూ రెక్కలాడించే జాగా మాత్రం కావాలి, అందుకే మొక్కలను మరీ ఇరికించకండి.

ఇప్పుడు అసలు విషయం. మొక్క కొనేటప్పుడు పువ్వు ఎంత అందంగా ఉందని కాదు, ఏ నెలలో పూస్తుందని చూడాలి. నర్సరీలో ఏప్రిల్‌లో పువ్వు మీదున్నవే కొంటాం, అది మనిషి బలహీనత. మన పిట్టల రాకపోకలు వేరు. ఇక్కడికి వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు, రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్డ్. మార్చి ఆఖరుకల్లా మొదటివి దిగుతాయి. కానీ ఎక్కువ సందడి ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా, దక్షిణానికి తిరుగు ప్రయాణంలో. రూబీ థ్రోటెడ్ మామూలు బరువు దాదాపు 3 గ్రాములు, ఒక పెన్నీ నాణెం కంటే కాస్త ఎక్కువ. గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాటే ముందు కొవ్వు పట్టి దాదాపు రెట్టింపవుతుంది. వాటిలో చాలా పిట్టలు ఆగకుండా 800 కిలోమీటర్లు నీటి మీద ఎగిరిపోతాయి. ఆ కొవ్వు పట్టే చోట్లలో మన పెరడు ఒకటి కావాలంటే ఆగస్టు ఎండలో పూసే మొక్కలుండాలి. నా పెట్యూనియాలు జులైకే మాడిపోయాయి.

మార్చి, ఏప్రిల్‌కి కోరల్ హనీసకుల్ తీగ. దానికి పందిరో కంచో ఆసరా ఇవ్వండి. ఇక్కడ మనవాళ్లు పడే గోతి ఒకటుంది. పక్కనే తెల్లగా, పసుపుగా, ఘుమఘుమలాడే జపనీస్ హనీసకుల్ పెట్టి ఉంటే, జాజులూ మల్లెలూ మరిగిన మన ముక్కు అటే లాగుతుంది. తేకండి. అది కంచె దాటి అడవుల్ని కమ్మేసే రకం. మనకు కావాల్సిన తీగకు వాసన ఉండదు, పువ్వు ఎర్రటి సన్న గొట్టం. ట్రంపెట్ క్రీపర్ కూడా పిట్టలకు మహా ఇష్టమే గానీ, వేళ్ల నుంచి పది గజాల అవతల కూడా మొలుస్తుంది. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లతో, పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకునే సరదా ఉంటే మీ ఇష్టం.

నీడ పట్టున వసంతానికి రెడ్ కొలంబైన్. మే నుంచి ఎండ మండే డ్రైవ్‌వే పక్కన రెడ్ యుక్కా, దాన్ని మర్చిపోయినా బతుకుతుంది. ఆటమ్ సేజ్ వసంతంలో ఒకసారి పూసి, జులైలో అలిగి, చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది. ఆగస్టు మధ్యలో కొసలు కత్తిరిస్తే రెండో కాపు బాగా వస్తుంది.

ఇక ఆగస్టు, సెప్టెంబరుకు నా ఓటు రెండిటికే. చెట్టు నీడలో టర్క్స్ క్యాప్, నిండు ఎండలో ఫ్లేమ్ అకాంథస్. 2021 ఫిబ్రవరి మంచు గుర్తుందిగా, డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్ దాకా పడిపోయింది. నా గన్నేర్లు కాటికి పోయాయి. ఈ రెండూ నేల మట్టానికి ఎండిపోయి, ఏప్రిల్‌లో వేరు నుంచి మళ్లీ లేచాయి. మన పత్తి చేలలో ఉండే నల్లరేగడికి సొంత తోబుట్టువు లాంటి మట్టి ఇక్కడిది. వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. దాన్నీ తట్టుకుంటాయి. తడి ఆరని మూల ఉంటేనే కార్డినల్ ఫ్లవర్ జోలికి వెళ్లండి.

ఒక్కో రకం ఒకటి కాకుండా మూడేసి కలిపి నాటండి. ఎగిరే పిట్టకు ఎరుపు గుత్తిగా కనపడాలి. కొనేముందు నర్సరీవాళ్లను ఒక ప్రశ్న అడగండి: "దీనికి నియోనికోటినాయిడ్ మందు వాడారా?" ఆ పురుగుల మందు మొక్క లోపలికి ఎక్కి, పుప్పొడిలోకీ తేనెలోకీ వస్తుంది. ఆ జవాబుకు నీళ్లు నమిలితే మరో నర్సరీకి వెళ్లండి. పెరట్లో కూడా పురుగుల మందు కొట్టొద్దు. తల్లి పిట్ట తన పిల్లలకు పెట్టేది ఎక్కువగా చిన్న పురుగులూ సాలీళ్లే, గూడు అల్లడానికి కూడా సాలీడు దారం వాడుతుంది.

న్యూజెర్సీ వాళ్లకు రూబీ థ్రోటెడ్ వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరో, మే మొదలో అవుతుంది. రెడ్ కొలంబైన్, కోరల్ హనీసకుల్, తర్వాత బీ బామ్, కార్డినల్ ఫ్లవర్. బీ బామ్ ఆకులకు బూడిద తెగులు వస్తుంది, గాలి ఆడేలా దూరంగా పెట్టండి. కాలిఫోర్నియా తీరంలో యానాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాదంతా ఉంటుంది కాబట్టి మీ లెక్క వేరు, జనవరి నుంచే పూసే ఫ్యూషియా ఫ్లవర్డ్ గూస్‌బెర్రీ, వేసవి చివరికి కాలిఫోర్నియా ఫ్యూషియా చూడండి.

ఇంటిపని: కాగితం మీద మార్చి నుంచి అక్టోబరు దాకా ఎనిమిది గళ్లు గీసి, మీ పెరట్లో ఇప్పటికే ఉన్నవాటిని ఏ గడిలో పడతాయో రాయండి. మకరంద పరీక్షలో నెగ్గనివి రాయొద్దు. ఖాళీగా మిగిలిన గళ్లకే ఈసారి డబ్బు ఖర్చు పెట్టండి. వచ్చే పాఠంలో రేగడిలో గొయ్యి తవ్వుతాం, పలుగు లేకపోతే ఈలోపు ఎవరినైనా అడిగి పెట్టుకోండి.