పాత సర్వర్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టుకోవడం ఎలా
డెల్ ఆర్720 లాంటి 2012 నాటి సర్వర్ ఉంటే పాతదని పడేయకండి, దాంట్లో పీసీఐఈ 3.0 స్లాట్లున్నాయి (అదనపు కార్డులు గుచ్చే చోట్లు), ఒక ఎం.2 అడాప్టర్ కార్డు (చిన్న డ్రైవ్‌ని ఆ స్లాట్‌కి కలిపేది) కొని మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవ్ (పీసీఐఈ మీద నేరుగా నడిచే వేగమైన ఎస్ఎస్‌డీ) పెడితే సెకనుకి 3 జీబీ దాకా చదువుద్ది, పాత తరహా సాటా కనెక్షన్ ఎస్ఎస్‌డీ ఎంత మంచిదైనా 550 ఎంబీ దగ్గరే ఆగిపోద్ది.

డ్రైవ్‌ని కార్డులోకి కాస్త ఏటవాలుగా దూర్చి, కిందకి నొక్కి, చివర ఆ చిన్న స్క్రూ బిగించండి. కార్డు మాత్రం ఒక్క డ్రైవ్ పట్టేదే తీసుకోండి, రెండు పట్టే చవక కార్డులకి బయాస్‌లో (సర్వర్ ఆన్ అవ్వగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) బైఫర్కేషన్, అంటే ఒక స్లాట్‌ని రెండు డ్రైవ్‌లకి పంచే సెట్టింగ్, ఆన్ చెయ్యాలి, లేకపోతే ఒక్కటే కనిపిస్తుంది, నేను అది తెలీక ఒక పూటంతా విప్పడం బిగించడంతోనే సరిపోయింది.

ఇంత పాత బయాస్ ఎన్‌వీఎంఈ నుంచి నేరుగా బూట్ అవ్వదు, అందుకే ఓఎస్‌ని సాటా డ్రైవ్ మీదే ఉంచి, వీఎంలు (వర్చువల్ మెషిన్లు), డేటాబేస్ కొత్తదాంట్లో పెట్టండి. చవక డ్రైవ్‌లలో కరెంట్ పోతే డేటా కాపాడే కెపాసిటర్లు ఉండవు, యూపీఎస్ తప్పనిసరి.