ఊళ్లో హెల్త్ క్యాంప్ పెడుతున్నారా? వికలాంగుల్ని రెండ్రోజుల ముందే పిలవండి

బీపీ షుగర్ క్యాంప్ అయినా టీకాల రోజైనా మనం చేసేది ఒకటే, టముకు వేయిస్తాం, వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెడతాం, వచ్చినవాళ్లని చూసి సాయంత్రానికి రిజిస్టర్ మూసేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశా. ఒకసారి ట్రైసైకిల్ మీద తిరిగే ఒకాయన పేరు రిజిస్టర్లో లేదేంటని ఇంటికెళ్లి అడిగితే "వచ్చానమ్మా, స్కూలు మెట్ల దగ్గర అరగంట ఉండి వెళ్లిపోయా" అన్నాడు. లోపలున్న మేం ఒక్కరం కూడా చూసుకోలేదు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ముందు లిస్టు. పెన్షన్ల లిస్టు తీసుకోండి కానీ అక్కడితో ఆగొద్దు, సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే కాగితం రానివాళ్లు అందులో ఉండరు. ఇంటింటికీ వెళ్లినప్పుడు "మీ ఇంట్లో వికలాంగులున్నారా" అంటే లేరనే అంటారు, ముసలావిడకి వినపడకపోతే అది వయసు లెండి అంటారు. అందుకే రోజువారీ పనుల గురించి అడగాలి: కళ్లజోడు పెట్టుకున్నా చూడ్డం కష్టమా, మిషన్ పెట్టుకున్నా వినపడట్లేదా, నడవడం మెట్లెక్కడం ఎలా ఉంది, విషయాలు గుర్తుంటున్నాయా, స్నానం చేసి బట్టలు కట్టుకోగలరా, చెప్పింది ఎదుటివాళ్లకి అర్థమవుతోందా. వీటినే వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలు అంటారు, చాలా దేశాల్లో సర్వేలకి వాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు, మానసిక జబ్బు కూడా అందులోవే, మనిషిని చూస్తే తెలిసేవి కావు.

తర్వాత చోటు. రెండ్రోజుల ముందు వీల్ చైర్ వాడే ఒకరిని, చూపు లేని ఒకరిని తీసుకెళ్లి వాళ్లనే చూసి చెప్పమనండి, మనకి తట్టనివి వాళ్లకి అడుగడుగునా తగులుతాయి. మెట్ల మీద చెక్క వేస్తే ర్యాంప్ అయిపోదు, అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు వాలు కావాలి. అంత జాగా లేకపోతే బల్లలు కింద చెట్టు నీడలోకి దించేయండి, మనిషిని మాత్రం చేతుల మీద ఎత్తుకెళ్లొద్దు, చాలామందికి అది ప్రాణం పోయినంత సిగ్గు. బాత్‌రూమ్ కూడా చూడండి.

కబురు ఒక్క రకంగా పంపితే చాలదు. టముకు వినపడనివాళ్లకి చేరదు, పోస్టర్ బొమ్మని చూపు లేనివాళ్ల ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేదు, అందుకే అదే విషయం టైప్ చేసి, వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి. క్యాంప్‌లో పేరు పిలిస్తే వినపడని అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుంటుంది, చీటీ మీద నంబర్ రాసిచ్చి అదే నంబర్ అట్ట మీద పైకెత్తి చూపించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాట. తోడొచ్చిన తమ్ముణ్ణి "ఈమెకి షుగరుందా" అని అడగొద్దు, ఆమెనే అడగండి, తోడొచ్చినవాళ్లు సాయానికి. ఆడవాళ్లకైతే నెలసరి, గర్భం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి చాటుగా ఆమెతోనే మాట్లాడాలి, పెళ్లి కాలేదు కదా ఈమెకెందుకు అని మనంతట మనమే వదిలేయడం పెద్ద తప్పు. చూపు లేనివాళ్లకి బీపీ పట్టీ కట్టేముందు "చేతికి పట్టీ చుడుతున్నానమ్మా, కాసేపు బిగుస్తుంది" అని చెప్పి, దాన్ని ఒకసారి వాళ్ల చేతికిచ్చి తడిమి చూడనివ్వండి. నిలబడలేనివాళ్ల బరువు అందాజుగా రాసేయకండి, తీయలేకపోయాం అని రాసి పీహెచ్‌సీలో కుర్చీ తూకం ఉందేమో అడగండి.

లైన్లో ముందు పంపిస్తే ఎవరైనా గొణిగితే చట్టంలోనే ఉందని చెప్పండి, 25వ సెక్షన్, వైద్యంలో వికలాంగులకి ప్రాధాన్యం ఇవ్వాలి.

సాయంత్రం రిజిస్టర్ మూసేముందు లిస్టు పక్కన పెట్టుకుని రానివాళ్ల పేర్ల కింద గీత గీయండి. మర్నాడు ఆ ఇళ్లకి బీపీ మిషన్ పట్టుకెళ్లి చూడండి, ఎందుకు రాలేకపోయారో కూడా అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి, వచ్చే క్యాంప్ ప్లాన్ ఆ కాగితంతోనే మొదలుపెట్టాలి.